ఒక్క ‘యెస్’తో పోయిన రౌండు: భాష రాని చోట టోర్నమెంటు ఆడిన నా అనుభవం

మార్చి 9న ఒక టోర్నమెంటులో స్ట్రీట్ ఫైటర్ 6 (ఇద్దరు తలపడే వీడియో గేమ్) విభాగంలో పేరు నమోదు చేసుకున్నప్పుడు, టోర్నమెంటుకు సిద్ధం కావడమంటే ఆటకు సిద్ధం కావడమేనని నమ్మాను. రెండేళ్లుగా రియూ అనే పాత్రతో ఆడుతున్నాను, ఆన్‌లైన్‌లో మాస్టర్ ర్యాంకు అందుకున్నాను, ఏ దెబ్బను అడ్డుకున్నాక ఎవరికి ఎన్ని ఫ్రేములు (సెకనులో అరవయ్యో వంతులు) మిగులుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పరాయి దేశంలో, వేలమంది మధ్య, ఇంగ్లిషులో మాత్రమే నడిచే పోటీకి ఇవి చాలవని జులై 18న తెలిసింది. ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో, ఎక్కడ ఎంతకాలం ఆగవలసి వచ్చిందో, ఏ మాట దగ్గర నేను ఓడిపోయానో వరుసగా రాస్తున్నాను. ఇంగ్లిషును చదివి అర్థం చేసుకోగలిగి కూడా, గోల మధ్య చెవితో విని వెంటనే బదులు చెప్పలేని ఆటగాళ్లు నాలాగే చాలామంది ఉన్నారు. ఇది ముఖ్యంగా వారి కోసం.

నమోదు దగ్గరే మొదటి చిన్న ఆశ్చర్యం ఎదురైంది. రుసుము ఒకటే ఉంటుందనుకున్నాను. హాల్లోకి వెళ్లే పాసుకు ఒక రుసుము, ఆడదలచుకున్న ఒక్కో ఆటకు విడిగా మరో రుసుము కట్టాలట. పాసు మాత్రమే కొని ఊరుకున్నవారికి లోపల తిరిగే హక్కు ఉంటుంది కాని బ్రాకెట్‌లో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టికలో, పేరు ఉండదు. నేను పాసు దగ్గరే ఆగిపోయాను; మర్నాడు నాతోపాటు వస్తానన్న స్నేహితుడు అడిగాకే రెండోది కట్టాను. విమాన టికెట్లు, బస, వీసా, ఈ రెండు రుసుములు కలిపి నా పదకొండు నెలల పొదుపు ఖర్చయింది. డబుల్ ఎలిమినేషన్ పద్ధతిలో రెండు సెట్లు ఓడినవారు నిష్క్రమించవలసిందే కాబట్టి, ఆ పదకొండు నెలల పొదుపు అరగంట ఆటతో ముగిసిపోవచ్చునన్న ఎరుకతోనే కట్టాను. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తరువాత తెలుస్తుంది.

నియమావళి ఇరవై మూడు పేజీలు, ఇంగ్లిషులో మాత్రమే ఉంది. తొందరపడి దాన్ని యంత్రానువాదానికి ఇచ్చాను. పూల్ (తొలి రోజు ఆటగాళ్లను విడదీసే చిన్న గుంపు) కొలను అయింది, బ్రాకెట్ కుండలీకరణం అయింది, సీడ్ (ఆటగాడికి ముందుగా ఇచ్చే స్థానం) విత్తనం అయింది. ఇటువంటి తప్పులతో ప్రమాదం లేదు, ఎందుకంటే చూడగానే తప్పని తెలిసిపోతాయి. సరిగ్గా ఉన్నట్టు కనిపించే వాక్యాలతోనే ప్రమాదం. సెట్టు, గేమ్, మ్యాచ్ అనే మూడు వేర్వేరు మాటలూ ‘ఆట’గానే వచ్చాయి, అందువల్ల ఒక తప్పుకు శిక్షగా పోయేది ఒక గేమా, మొత్తం సెట్టా అన్నది అనువాదం చదివినవారికి తెలిసే దారి లేదు. పాజ్ గురించిన వాక్యం ‘ఆట మధ్యలో ఆపినచో ఆ రౌండు జప్తు చేయబడును’ అని వచ్చింది. ఆ రౌండును లెక్కలోంచి తీసేసి మళ్లీ ఆడిస్తారని నేను అర్థం చేసుకున్నాను. అసలు అర్థం వేరు: పాజ్ నొక్కినవారు ఆ రౌండును ప్రత్యర్థికి కోల్పోతారు. రెండు రాత్రులు నిఘంటువు పక్కన పెట్టుకుని మూలాన్ని చదివాకే ఆ తేడా తెలిసింది. ముఖ్యమైన నియమాలను ఒకే కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. గెలిచినవారు తరువాతి గేమ్‌లో అదే పాత్రతో ఆడాలి, ఓడినవారు మార్చుకోవచ్చు. బటన్లు సరిచూసుకోకుండా మొదలుపెడితే ఆ గేమ్ అలాగే పూర్తిచేయాలి. ఎడమ, కుడి దిశలు ఒకేసారి నొక్కితే రెండూ రద్దయ్యేటట్టు లీవర్‌లెస్ కంట్రోలర్‌ను (దిశలకు కూడా బటన్లే ఉండేదాన్ని) అమర్చుకోవాలి. కాగితం మంచిదే. అయితే అందులో ఉన్నదంతా నేను తెలుసుకోవలసినది మాత్రమే; నేను చెప్పవలసినది ఒక్క ముక్క కూడా లేదు.

మార్చి 14న నిర్వాహకులకు ఉత్తరం రాశాను. న్యాయనిర్ణేతతో మాట్లాడవలసి వస్తే దుబాసీ ఎవరైనా ఉంటారా అని అడిగాను. పదహారు రోజులకు, మార్చి 30న, మర్యాదగానే జవాబు వచ్చింది. ప్రధాన వేదిక మీదకు చేరిన ఆటగాళ్లకు కొన్ని భాషల దుబాసీలు ఉంటారని, తొలి రోజు పూల్స్‌లో ఆ ఏర్పాటు లేదని రాశారు. ఆ జవాబును అప్పుడు మామూలుగానే తీసుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే దానిలోనే అసలు లోపం కనిపిస్తోంది. వేదిక మీద దుబాసీ చేసే పని గెలిచిన వ్యక్తి సంతోషాన్ని ప్రేక్షకులకు చేరవేయడం. తీర్పులు ఎక్కువగా జరిగేది తొలి రోజున, వందల టేబుళ్ల దగ్గర, ఎవరూ చిత్రీకరించని సెట్లలో. అంటే అనువాదాన్ని ప్రదర్శనలో భాగంగా చూశారే తప్ప న్యాయంలో భాగంగా చూడలేదు.

వీసాకు ఏప్రిల్ 11న దరఖాస్తు చేస్తే జూన్ 2న చేతికి వచ్చింది, యాభై రెండు రోజులు. ఆ రోజుల్లో అధైర్యం కలిగినప్పుడల్లా అర్స్‌లాన్ యాష్‌ను తలచుకునేవాణ్ణి. టెక్కెన్ కూడా ఇటువంటి పోరాట ఆటే; పాకిస్థాన్ నుంచి వచ్చిన ఆ టెక్కెన్ ఆటగాడు 2019లో ఫుకువోకాలో జరిగిన ఎవో జపాన్‌ను, అదే ఏడాది లాస్ వేగాస్‌లో జరిగిన ఎవోను, అంటే ఈ ఆటల్లో పేరున్న పెద్ద టోర్నమెంట్లను, గెలిచాడు. అంతవరకు పెద్ద టోర్నమెంట్లలో ఎవరూ పెద్దగా ఎరగని చోటి నుంచి వచ్చి, ఆటతోనే తనను తాను పరిచయం చేసుకున్నాడు. చేతులు బాగా ఆడితే నోటితో పని ఉండదని ఆ ఉదాహరణ చూసి నాకు నేనే చెప్పుకున్నాను.

జులై 18, శుక్రవారం. నా పూల్ సమయం ఉదయం పది నుంచి పన్నెండు. తొమ్మిదిన్నరకే వెళ్లి పూల్ బల్ల దగ్గర నిలబడ్డాను. నా ఆటపేరు ‘పిడుగు’. దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో నమోదు చేసినప్పుడు మరో నోట్లో అది ఎలా పలుకుతుందో నేను ఆలోచించలేదు. పది గంటల ఐదు నిమిషాల నుంచి ఎవరో ‘పైడాగూ, పైడాగూ’ అని పిలుస్తున్నారు. రెండుసార్లు పిలిచారు. నాకు మూడు అడుగుల దూరంలోనే పిలుస్తున్నారు, నేనేమో నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నాను. నా స్నేహితుడు ఆ వ్యక్తి చేతిలోని తెర మీద పేరు చూసి నా భుజం తట్టే సమయానికి, నన్ను అనర్హుణ్ణి చేయడానికి ఒక్క నిమిషం మిగిలి ఉంది. పదకొండు నెలల పొదుపు ఒక పేరును పలికిన తీరు దగ్గర పోయి ఉండేది. వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే: పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చోకండి, వెళ్లగానే ఫోన్‌లో బ్రాకెట్ తెరిచి, మీ పేరు మీద వేలు పెట్టి, పూల్ చూసుకునే వ్యక్తికి మీ ముఖం చూపించండి. రెండో సెట్టు నుంచి నేను అలాగే చేశాను, ఇబ్బంది రాలేదు.

మొదటి సెట్టు 2-0తో గెలిచాను (రెండు రౌండ్లు గెలిస్తే ఒక గేమ్, రెండు గేమ్‌లు గెలిస్తే సెట్టు). దాని గురించి చెప్పవలసింది ఆట కాదు, నా వెనుక జరిగిన సంగతి. నా ప్రత్యర్థి స్నేహితులు ముగ్గురు అతని కుర్చీ వెనుక నిలబడి ఇంగ్లిషులో అరుస్తూనే ఉన్నారు. నా డ్రైవ్ గేజి (పాత్ర శక్తిని చూపే పట్టీ) ఖాళీ అయినప్పుడు ‘బర్నౌట్, బర్నౌట్’ అని, నేను కూర్చుని అడ్డుకుంటూ ఉంటే ‘త్రో, త్రో’ (పట్టుకుని విసిరెయ్) అని. నేను రెండో గేమ్‌లో కంగారుపడి దూకడం చూసి నా స్నేహితుడు తెలుగులో ఒక్కసారి అన్నాడు: ‘నిదానంరా, ఊపిరి తీసుకో.’ న్యాయనిర్ణేత వెంటనే వెనక్కి తిరిగి, ఆట జరుగుతుండగా సలహాలు ఇవ్వడం నిషిద్ధమని, మరోసారి వినిపిస్తే నేను ఒక గేమ్ కోల్పోతానని హెచ్చరించాడు. ఆ మాటలో సలహా లేదు, ఊరట మాత్రమే ఉంది. అతనికి ఆ సంగతి తెలిసే వీలు లేదు కాబట్టి అతన్ని నేను తప్పుపట్టను. కాని ‘త్రో’ అనేది సలహా అని అతనికి తెలుసు. తనకు తెలిసిన భాష అతనికి జనం గోలలా, తెలియని భాష రహస్యంలా వినిపించింది. నా స్నేహితుడు ఆ తరువాత రోజంతా నోరు మెదపలేదు. ఇంత దూరం నాతో వచ్చినవాడు చేతులు కట్టుకుని, పెదవులు బిగించుకుని నిలబడటం చూస్తే నాకు ఓటమి కంటే ఎక్కువ బాధ కలిగింది.

రెండో సెట్టు పదిన్నరకు మొదలైంది. చెరో గేమ్ గెలిచాం. మూడో గేమ్‌లో మొదటి రౌండు నాది. రెండో రౌండులో అతనికి పావు వంతు ఆరోగ్యం కూడా లేదు, నాకు సగానికి పైగా ఉంది, అతను మూలలో ఇరుక్కున్నాడు. ఆ రౌండు గెలిస్తే సెట్టు నాది. అప్పుడు తెర ఆగిపోయింది. పాజ్ మెనూ వచ్చింది. ఇద్దరం చేతులు పైకెత్తాం. న్యాయనిర్ణేత వచ్చి మొదట అతన్ని అడిగాడు. అతను లేదు, నేను కాదు, నా వేళ్లు ఇక్కడ ఉన్నాయి అని రెండు మూడు వాక్యాలు గబగబా చెప్పాడు. తరువాత నా వైపు వంగి, ఆ గోలలో గట్టిగా అడిగాడు: ‘యూ డిడ్న్ట్ ప్రెస్ పాజ్?’

నేను ‘యెస్’ అన్నాను.

తెలుగులో ఎవరైనా ‘నువ్వు నొక్కలేదు కదా?’ అని అడిగితే ‘అవును’ అంటాం. అవును, మీరన్నది నిజమే, నొక్కలేదు అని దాని అర్థం. ఇంగ్లిషులో ఆ ప్రశ్నకు నొక్కనివాడు ‘నో’ అనాలి. ఈ తేడా నాకు తెలియదా అంటే, కాగితం మీద తెలుసు. వ్యాకరణ పరీక్షలో అడిగితే సరిగ్గానే రాసేవాణ్ణి. గుండె దడదడలాడుతున్నప్పుడు, సెట్టు చేతిలోంచి జారిపోతోందన్న భయంలో, నోరు తన సొంత భాష నియమాన్నే పాటించింది. న్యాయనిర్ణేత తల ఊపి, నేను ఒప్పుకున్నానని తీసుకుని, రౌండు ప్రత్యర్థికి ఇచ్చాడు. నాలుగు సెకన్లలో అయిపోయింది.

నేను నొక్కలేదని చెప్పడానికి సాక్ష్యం నా ఒళ్లోనే ఉంది. నా కంట్రోలర్‌కు పక్కన చిన్న లాక్ స్విచ్ ఉంటుంది. దాన్ని వేస్తే పాజ్‌కు, హోమ్‌కు సంబంధించిన బటన్లు పనిచేయవు. టోర్నమెంట్ల కోసమే పెట్టిన స్విచ్ అది. పొద్దున నుంచి వేసే ఉంది. ‘లాక్’ అన్న ఒక్క మాట అని వేలితో చూపిస్తే చాలు. ఆ మాట రాలేదు. ‘నో, నో, నాట్ మీ’ అని మాత్రం అన్నాను, అప్పటికే ఒప్పుకున్నవాడు మాట మారుస్తున్నట్టుగా అది అతనికి వినిపించి ఉంటుంది. ఫోన్ తీసి మాటలను అనువదించే యాప్ తెరిచాను. వందల బటన్ల చప్పుడు, వ్యాఖ్యాతల కేకలు, జనం హోరు మధ్య అది నా గొంతును పట్టుకోలేక ఏవో సంబంధం లేని మాటలు చూపించింది. ఆలస్యమవుతోంది, మూడో రౌండు ఆడండి అన్నారు. ఆడాను. ఓడాను. అలవాటుగా చేయి కలిపాను. తరువాత తెలిసింది, ఆ రెండు పనులూ నేను తీర్పును అంగీకరించినట్టు లెక్కలోకి వెళ్లాయని.

నేను అక్కడి నుంచి కదలకుండా నిలబడ్డాను. ప్రధాన న్యాయనిర్ణేతను పిలవమని నా స్నేహితుడు తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లిషులో అడిగాడు. ఆయన రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు నేను ఒక చిన్న కాగితం మీద ఇంగ్లిషు వాక్యాలు రాసుకుంటూ గడిపాను. రాయడం నాకు వచ్చు. ఆ నిదానం దొరికితే నేను మూగవాణ్ణి కాను. ఆయన వచ్చాక కాగితం చేతికిచ్చాను. ఆయన చదివి, కంట్రోలర్ తీసుకుని, స్వయంగా ఆ బటన్ నొక్కి చూశారు. ఏమీ కాలేదు. తరువాత కన్సోల్‌లో చూస్తే, మాకంటే ముందు ఆ టేబుల్ దగ్గర ఆడినవారి వైర్‌లెస్ ప్యాడ్ ఇంకా దానికి అనుసంధానమై ఉంది. ఎక్కడో ఎవరి సంచిలోనో ఆ ప్యాడ్ బటన్ నొక్కుకుపోయి ఉంటుందని ఆయన అన్నారు. నా వైపు చూసి, నెమ్మదిగా, విడివిడిగా పలికే మాటలతో క్షమాపణ చెప్పారు. ఆ రోజు నాతో అలా నిదానంగా మాట్లాడిన మొదటి వ్యక్తి ఆయనే, కళ్లలో నీళ్లు తిరిగాయి. కాని ఫలితం నమోదైపోయింది, నా ప్రత్యర్థి అప్పటికే తరువాతి సెట్టు ఆడుతున్నాడు, వెనక్కి తిప్పలేమన్నారు. మూడో రౌండు మొదలుకాకముందే చేయి ఎత్తి ‘హెడ్ జడ్జ్’ అని రెండు మాటలు అని ఉంటే ఆట ఆపి విచారించేవాళ్లమని కూడా చెప్పారు. ఆ రెండు మాటలు నియమావళి పందొమ్మిదో పేజీలో ఉన్నాయి. నేను తెలుగులో రాసుకున్న కాగితం మీద ‘ముఖ్య న్యాయమూర్తిని కోరవచ్చును’ అని ఉంది. అర్థం తెలిసి, శబ్దం తెలియకపోతే ఆ వరుస నాకు దేనికీ పనికిరాలేదు.

ఆ నలభై నిమిషాల్లో నేను రాసుకున్న వాక్యాలనే తరువాత ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తిరిగి రాశాను. దయచేసి ఆగండి. నేను ఇంకా ఆడటం లేదు. నేను నొక్కలేదు. నా కంట్రోలర్ లాక్ అయి ఉంది, చూడండి. హెడ్ జడ్జ్ కావాలి. దయచేసి ప్రశ్నను రాసి ఇవ్వండి. నాకు అర్థం కాలేదు. ఏడు వాక్యాలు. ఇవి ఇంటి దగ్గర పది నిమిషాల్లో రాసుకోగలిగినవి. అన్నిటికంటే ముఖ్యమైనది ‘నేను ఇంకా ఆడటం లేదు’ అన్నదని నా అభిప్రాయం, ఎందుకంటే మరో బటన్ నొక్కిన క్షణం నుంచి ఎంత న్యాయమైన ఫిర్యాదైనా పాతదైపోతుంది.

ఓడినవారి బ్రాకెట్‌లో ఒక సెట్టు 2-1తో గెలిచాను. చేతులు వణుకుతూనే ఉన్నా గెలిచాను. పన్నెండుకు పది నిమిషాలు ఉండగా నాలుగో సెట్టుకు జపాన్ ఆటగాడు ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. వయసులో నాకంటే పెద్దవారు. ఇద్దరం పాత్రల తెర దగ్గర ఎదుటివారు ముందు ఎంచుకుంటారేమోనని ఆగిపోయాం. ఇటువంటప్పుడు ఒక పద్ధతి ఉంది: ఇద్దరూ విడివిడిగా తమ పాత్ర పేరు న్యాయనిర్ణేత చెవిలో చెబుతారు, తరువాత చెప్పినదాన్నే ఎంచుకోవాలి. ఈసారి న్యాయనిర్ణేత మరో వ్యక్తి, చాలా చిన్న వయసు స్వచ్ఛంద కార్యకర్త. నేను ‘రియూ’ అన్నాను. ఆయన ఏదో చెప్పారు. ఆ అబ్బాయి రాసుకుని, ఎంచుకోమన్నాడు. ఆయన కర్సర్‌ను ఎం. బైసన్ మీద పెట్టగానే, ఆగండి, మీరు చెప్పింది వేరు, ‘వేగా’ అన్నారు, ఈ ఆటలో వేగా లేనే లేడు అన్నాడు.

నాకు ఒక్క క్షణంలో విషయం అర్థమైంది. జపాన్‌లో ఆ నియంత పాత్ర పేరే వేగా. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2ను బయటి దేశాలకు తెచ్చినప్పుడు, ఎం. బైసన్ అనే బాక్సరు పాత్ర మైక్ టైసన్‌ను గుర్తుకు తెస్తుందన్న జంకుతో మూడు పాత్రల పేర్లను ఒకదాని నుంచి మరొకదానికి మార్చారు. బాక్సరు బాల్‌రాగ్ అయ్యాడు, జపాన్‌లో బాల్‌రాగ్‌గా ఉన్న గోళ్ల యోధుడు వేగా అయ్యాడు, అక్కడి వేగా ఎం. బైసన్ అయ్యాడు. అందుకే వేర్వేరు దేశాలవారు కలిసే చోట పాత ఆటగాళ్లు ఆ పేర్లను వదిలేసి బాక్సర్, క్లా, డిక్టేటర్ అంటారు. ఆ అబ్బాయికి ఇది తెలిసే వయసు కాదు. అతను ఆయన్ను అడిగాడు: ‘సో యూ ఆర్ నాట్ చేంజింగ్?’

ఆయన తల వంచి, ‘యెస్’ అన్నారు.

అది నా ‘యెస్’. జపనీస్‌లో కూడా లేదన్న ప్రశ్నకు ఒప్పుకోలుగా అవునంటారు. అవును, మార్చడం లేదు. ఆ అబ్బాయి మొహంలో అదే నిర్ణయం, గంట క్రితం నేను చూసిన అదే తల ఊపు మొదలైంది. చెప్పిన పాత్ర కానిదాన్ని ఎంచుకుంటే మొదటి గేమ్ ఆయన కోల్పోతారు. నిజం చెబుతాను: ఊరుకుంటే నాకు ఒక గేమ్ దక్కుతుందన్న ఆలోచన నాకు రాకపోలేదు. అంతలోనే కడుపులో దేవినట్టయింది. నేను లేచి నిలబడి, ‘ఆగండి’ అన్న వాక్యం ఉన్న అట్టముక్కను ఆ అబ్బాయి ముందు పెట్టి, వెనుకవైపు రాశాను: జపాన్‌లో వేగా, ఇక్కడ బైసన్, ఇద్దరూ ఒకరే, డిక్టేటర్. అతను నమ్మలేదు. నాకు లాభం కలిగే చోట నేనెందుకు అడ్డం చెబుతున్నానో కూడా అతనికి అర్థం కాలేదు. చివరికి పక్క టేబుల్ న్యాయనిర్ణేతను పిలిచి అడిగాడు, ఆమె చూడగానే నవ్వి అవునంది. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. నాకు ఆ రోజు ఉదయం ఆ తొమ్మిది నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు.

ఆయన నన్ను 2-1తో ఓడించారు. మంచి ఆట. రెండు గెలుపులు, రెండు ఓటములతో నా టోర్నమెంటు పన్నెండుంపావుకు ముగిసింది. ఓటమి గురించి నాకు దిగులు లేకపోలేదు, కాని ఆ సెట్టులో నన్ను ఓడించింది ఆయన చేతులు మాత్రమే, అందుకని ఆ దిగులు శుభ్రమైన దిగులు. రెండో సెట్టు ఓటమి అలాంటిది కాదు. అది ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

తరువాత ఇద్దరం హాలు బయట గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాం. ఆయనకు ఇంగ్లిషు నాకంటే తక్కువ, నాకు జపనీస్ అసలు రాదు. ఆయన ఫోన్‌లో ఒక అంకె కొట్టి చూపించారు: 236. కీబోర్డులోని అంకెల గడిలో 2 అంటే కింద, 3 అంటే ఏటవాలుగా కింద-ముందుకు, 6 అంటే ముందుకు. 236 అంటే హడోకెన్ (రియూ విసిరే శక్తి బంతి) కోసం తిప్పే తిప్పుడు. జపాన్ ఆటగాళ్ల దగ్గర నుంచి వచ్చిన ఈ అంకెల పద్ధతిని ఇప్పుడు అన్ని దేశాలవారూ రాస్తున్నారు. దాని పక్కన ఒక బాణం గుర్తు, ఆ తరువాత ‘4’ అని పెట్టి, వేళ్ల మధ్య చిన్న సందు చూపించారు. నేను మూలలో తప్పించుకోవడానికి వీలు లేదనుకుని వరుసగా కొడుతున్న దెబ్బల మధ్య నాలుగు ఫ్రేముల సందు ఉందని ఆయన చెబుతున్నారు. ఈ ఆటలో అన్నిటికంటే వేగమైన మామూలు దెబ్బకు పట్టేది నాలుగు ఫ్రేములే, సెకనులో అరవయ్యో వంతులు నాలుగు. ఆయన నన్ను ఆ సందులోంచే పట్టుకున్నారు. అరగంటసేపు అలా అంకెలతోనే మాట్లాడుకున్నాం. ఆ అరగంటలో ఒక్కసారి కూడా ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోలేదు. ఆట మీద మాట్లాడటానికి మాకు భాష ఉంది. ఆటలో ఏదైనా తప్పు జరిగితే చెప్పుకోవడానికి మాత్రమే లేదు.

జులై 22న నిర్వాహకులకు మళ్లీ రాశాను. ఫలితం మార్చమని అడగలేదు. మూడు సంగతులు మాత్రమే అడిగాను: న్యాయనిర్ణేతలు ‘చేయలేదా’ అని కాక ‘ఎవరు చేశారు’ అని అడగాలని, పాజ్ పడిన ప్రతిసారీ కంట్రోలర్ల లాక్‌ను, కన్సోల్‌కు అనుసంధానమైన ప్యాడ్లను నోటి మాట కంటే ముందు చూడాలని, తొలి రోజున కనీసం ఫోన్‌లో దొరికే దుబాసీలనైనా ఏర్పాటు చేయాలని. ఇరవై రెండు రోజులకు, ఆగస్టు 13న జవాబు వచ్చింది. మొదటి రెండూ వచ్చే ఏటి న్యాయనిర్ణేతల శిక్షణలో చేరుస్తామన్నారు. మూడోదాని గురించి ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. దాని కోసం మళ్లీ రాశాను, ఇంకా జవాబు రాలేదు.

వారం క్రితం ఆ జపాన్ ఆటగాడి నుంచి ఒక ఫొటో వచ్చింది. నా అట్టముక్కను ఆ రోజు ఆయన ఫొటో తీసుకున్నారు. అవే ఏడు వాక్యాలను, పైన ఇంగ్లిషులో, కింద జపనీస్‌లో, పొందికగా ఒక కార్డు మీద రాసుకున్నారు. మూడో వాక్యం, ‘నేను నొక్కలేదు’ అన్నది, రెండు భాషల్లోనూ ఎర్ర గీతతో ఉంది. తెలుగు వరుస కూడా చేర్చడానికి కింద కొంచెం చోటు వదిలారు. నిన్న రాత్రి దాన్ని పూరించి పంపాను.